పడటం, పడేయటం

మా శాలిబండ దిగువన మూత పోయిన మురుగు మోరీ ఒకటుంది. మొన్న పొద్దున కూరగాయలకు వెళ్తుంటే దాని చుట్టూ ఎవరో ముగ్గుపిండితో గుండ్రంగా గీసి పెట్టారు. నడిచేవాళ్ళు, సైకిళ్ళవాళ్ళు, ఆఖరికి ఒక ఆటో కూడా ఆ గీత దగ్గరికి రాగానే పక్కకు తిరిగి పోతున్నారు. నేను ఇంటికి రెండుసార్లు బయలుదేరి రెండుసార్లూ వెనక్కి వచ్చి దాన్ని చూశాను. పొయ్యి మీద పప్పు ఉన్న సంగతి గుర్తుంది. అయినా కుదురుగా ఒకవైపు నడవలేకపోయాను. ఈ వీధిలో ఇలాంటి గీత మొదట గీసిన మనిషి చనిపోయిందని ఉత్తరం వచ్చి అప్పటికి నెల కూడా కాలేదు.

ఉత్తరం రాసింది ఆమె అక్క కూతురు. వాళ్ళ హాలండులో చలికాలం, రోడ్డు మీద మంచు గడ్డకట్టింది, సైకిలు జారింది, తుంటి విరిగింది, ఆసుపత్రిలో జ్వరం వచ్చింది. అంతే. అరవై ఎనిమిదేళ్ళ మనిషిని ఆ మంచులో సైకిలు ఎవరు ఎక్కమన్నారని మావారు అడిగారు. ఎవరూ ఎక్కమని ఉండరు. వద్దని ఉంటారు. అందుకే ఎక్కి ఉంటుంది.

ఆమె పేరు రాయను. ఈ గల్లీల్లో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. నేను సిస్టర్ అనేదాన్ని. మిగతా అందరికీ ఆమె సైకిలమ్మ.

డెబ్బైల్లో శాలిబండలో చర్చివాళ్ళు నడిపే చిన్న దవాఖానా ఒకటి ఉండేది. రెండు గదులు, ఒక వరండా, ఒక నీళ్ళ తొట్టి. ఆమె అక్కడ కాన్పులు చేసే నర్సు. నేను ఆమెకు సహాయకురాలిని. నిజానికి దవాఖానాలో ఆమె ఉండేది తక్కువ. ఇళ్ళకే వెళ్ళేది, సైకిలు మీద. బుట్టలో కాన్పు సామాను, దాని పక్కన టించర్ సీసా, దూది, కట్టుగుడ్డలు. ఆ రెండోవి తల్లులకోసం కావు, తనకోసం. పడటం ఖాయమని ముందే తెలిసినట్టు ఉండేది ఆ ఏర్పాటు.

పడేది కూడా. మేక అడ్డం వచ్చి పడింది. వానాకాలం బురదలో పడింది. పతంగుల రోజుల్లో తెగిన మాంజా నుదుటికి తగిలి, చెయ్యి పైకెత్తి పడింది. పడ్డ ప్రతిసారీ ఆమె చేసే పనులకు ఒక వరస ఉండేది. లేవకముందే మెడ తిప్పి చుట్టూ చూసేది, తనవల్ల ఇంకెవరైనా పడ్డారా అని. ఆ తర్వాత సైకిలు. అన్నిటికన్నా చివర తన మోకాళ్ళు. రక్తం కారుతున్నా సరే ఆ వరస మారేది కాదు.

మలుపు తిరిగే ముందు చెయ్యి చాపాలని వాళ్ళ దేశంలో నియమమట. ఇక్కడా చాపేది, నిటారుగా, భుజం ఎత్తున. ఆ చెయ్యి ఎందుకు చాపిందో మా వీధికి అర్థమయ్యేది కాదు. కొందరు ఆమె చూపించినవైపు తలెత్తి మేడల మీదికి చూసేవాళ్ళు. ఒకసారి ఎదురుగా వస్తున్న రిక్షా ఆయన, తనకే అనుకుని ఆ చేతిని పట్టుకుని ఊపి, "సలాం మేమ్‌సాబ్" అని నవ్వుతూ పోయాడు. ఆ ఊపుకు ఆమె వెళ్ళి అరటిపళ్ళ బండికి తగిలింది. అయినా మరునాడు చెయ్యి చాపడం మానలేదు.

తను పడ్డ గుంటలను మాత్రం ఊరికే వదిలేది కాదు. మర్నాడు పొద్దున్నే ఎవరింట్లోనో పిడికెడు ముగ్గుపిండి అడిగి తెచ్చి, గుంట చుట్టూ గీత గీసేది. గీత వంకర, గుండ్రం కుదిరేది కాదు. దాన్ని చూసి మొదట్లో జనం జడుసుకున్నారు. "ఎవలో దిష్టి తీసి పోసిన్రు, తొక్కకుండ్రి" అని పక్కనుంచి పోయేవాళ్ళు. అది దిష్టి కాదు, ముందు గుంట ఉందని గుర్తు, అని నేను అందరికీ చెప్పబోతే ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"చెప్పకు సుగుణా. భయపడితే పడరు కదా. మంచిది."

ఆమె తెలుగు బందరులో ఆరు నెలలు పంతులుగారి దగ్గర నేర్చుకున్నది. మిగతాది మా గల్లీల్లో ఏరుకున్నది. "దయచేసి జర జరగండి" అనేది. "మస్తు సంతోషము" అనేది. పడ్డ ప్రతిసారీ "నేను పడేశాను" అనేది. ఒకరోజు మోకాలికి కట్టు కడుతూ చెప్పాను:

"పడేశాను కాదు సిస్టర్, పడ్డాను. మనం పడితే పడటం. ఇంకొకల్ని పడగొడితే పడేయటం."

ఆమె కాసేపు ఆ రెండు మాటలనూ నోట్లో తిప్పుకుంది. "వేరే వేరేనా? చాలా మంచిది," అంది, చాలా సీరియస్‌గా. ఆ తర్వాత ఎప్పుడూ తప్పు పలకలేదు.

కూర్చుని ఉన్నప్పుడు ఆమెను చూడటం నాకు కష్టంగా ఉండేది. మడమ నేలను కొడుతూనే ఉండేది. అన్నం వరండాలో తిరుగుతూ తినేది. ఎవరింట్లోనైనా చాయ్ ఇస్తే సగం తాగేసరికి కళ్ళు గుమ్మంవైపు వెళ్ళేవి. సైకిలు తొక్కుతూ మాటిమాటికి వెనక్కి చూసేది. వెనక ఏముందని అడిగితే, "ఏమీ లేదు. చూశాను," అనేది. నన్ను మొదట్లో వెనక ఎక్కించుకునేది. ఒక కానిస్టేబుల్ ఆపి "డబుల్ సవారీ మనా హై" అని, ఇద్దరెక్కకూడదని చెప్పిన రోజు నుంచి అదీ మానేసింది. ఆమె సైకిలు మీద, నేను పక్కన పరుగులాంటి నడకతో. మూడేళ్ళు అలాగే తిరిగాం.

మూడో ఏడు వానలు మొదలైన వారానికే శాలిబండ ఏటవాలులో ఒక రిక్షా చక్రం తగిలి ఆమె ఎడమ మణికట్టు విరిగింది. అప్పుడు కూడా ముందు రిక్షావైపే చూసింది. అందులో ఉన్న ముసలాయన క్షేమమని తెలిశాకే తన చేతిని చూసుకుంది. జనం రిక్షా ఆయన చొక్కా పట్టుకుని లొల్లి పెడుతుంటే, విరిగిన చేతిని మరో చేత్తో పట్టుకుని వాళ్ళ మధ్యకు వెళ్ళి నిలబడింది.

"ఇతను ఆగాడు. ఆగిన మనిషిని కొట్టకూడదు," అంది.

ఆరు వారాల సిమెంటు కట్టు వేశారు. రెండో రోజుకే ఆమె దవాఖానా వరండాలో పంజరంలో పులిలా తిరగడం మొదలుపెట్టింది. మూడో రోజు నా ముందుకు వచ్చి నిలబడింది.

"రేపటి నుంచి నువ్వు తొక్కాలి."

నాకప్పుడు ఇరవై ఆరేళ్ళు. సైకిలు తొక్కే ఆడమనిషిని మా వీధిలో ఆమెను తప్ప ఎవరినీ చూడలేదు. ఆమెది గౌను, నాది చీర. మావారు ఫ్యాక్టరీలో ఫిట్టరు. సంగతి విని ముఖం ముడుచుకున్నారు.

"నలుగురు నవ్వుతరు. గా సైకిల్ గీకిల్ మనకెందుకు? రిక్షల పో."

"రిక్ష దొరికేదాంక బిడ్డ ఆగుతదా?" అన్నాను. ఆ జవాబు నాది కాదు, ఆమెది. ఆమె అన్న మాటే ఇంట్లో అప్పజెప్పాను.

స్కూలు మైదానంలో పొద్దున్నే నేర్పింది. కట్టు కట్టిన చేతిని గుండెకు ఆనించుకుని, రెండో చేత్తో వెనక సీటు పట్టుకుని నా వెంట పరుగెత్తేది. నేను ఎన్నిసార్లు పడ్డానో లెక్కలేదు. పడ్డ ప్రతిసారీ ఆమె ఒకటే అనేది: "ముందు చుట్టూ చూడు." మైదానంలో మేమిద్దరం తప్ప ఎవరూ ఉండేవాళ్ళు కాదు. అయినా చూడమనేది. పన్నెండో రోజున రోడ్డు మీదికి పంపింది.

నాలుగు రోజులు బాగానే గడిచింది. అయిదో రోజు పొద్దున అలియాబాద్ వైపు గల్లీ నుంచి కబురు వచ్చింది, మొదటి కాన్పు, నొప్పులు ఎక్కువయ్యాయని. బుట్టలో సామాను పెట్టుకుని బయలుదేరాను. ఏటవాలులో వేగం నా చేతుల్లోంచి జారిపోయింది. సందు మలుపులో తల మీద పెరుగు కుండతో ఒక ముసలమ్మ వస్తోంది. గంట కొట్టానో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. హ్యాండిల్ ఆమె నడుముకు తగిలింది. కుండ పగిలిన చప్పుడు విన్నాను. సైకిలు గోడకు రాసుకుని నిలబడింది. నేను పడలేదు.

ఒక కాలు నేల మీద పెట్టి వెనక్కి చూశాను. ఆమె దారి మధ్య కూలబడి ఉంది. ఒళ్ళంతా తెల్లగా పెరుగు. ఒక చెయ్యి పైకెత్తింది, లేవదీయమనో, ఆగమనో. అవతలి దుకాణంలోంచి ఎవరో "అరె, క్యా హువా" అని అరుస్తూ దిగుతున్నారు. నేను పెడల్ మీద కాలు వేసి తొక్కాను.

అక్కడ ఒక బిడ్డ పుట్టబోతోంది, ఆగితే ఎట్లా, అని దారి పొడుగునా నాకు నేను చెప్పుకున్నాను. చేరేసరికి ఆ ఇంటి దాయి బొడ్డు కోసి బిడ్డకు నీళ్ళు పోస్తోంది. నా తొందర ఎవరికీ అక్కరకు రాలేదు.

ఒక్కొక్క గంటా ఏదో పని పెట్టుకుని ఇంకో రెండిళ్ళు తిరిగి, సాయంత్రానికి దవాఖానాకు వచ్చాను. సిస్టర్ గేటు దగ్గరే తిరుగుతోంది. నేను బిడ్డ గురించి గబగబా చెబుతున్నాను. ఆమె నా ముఖం చూడటం లేదు. వంగి ముందు చక్రం చూస్తోంది. చువ్వల మధ్య పెరుగు ఎండి తెల్లగా పొలుసు కట్టి ఉంది. పులిసిన వాసన వేస్తోంది.

"పడ్డావా, పడేశావా?"

"పడ్డాను."

ఆమె నా మోచేతులు చూసింది, అరచేతులు తిప్పి చూసింది. "నీకు ఎక్కడా దెబ్బ లేదు. పెరుగు ఎవరిది?"

నేను ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. చెప్పులు వేసుకుని గేటు తీసి నడవడం మొదలుపెట్టింది. నేను వెనక నడిచాను.

ఆ మలుపు దగ్గరి దుకాణంలో అడిగితే చెప్పారు. "మల్లమ్మనా? పాపం, పొద్దుగాల ఎవడో సైకిలోడు గుద్దిపోయిండు. దొరికితే బొక్కలు ఇరగ్గొడుతుంటిమి." సైకిలోడు అన్నారు. ఆడమనిషి అయి ఉంటుందని వాళ్ళ ఊహకు కూడా రాలేదు. నేను నోరు మూసుకుంటే ఈ లోకంలో ఎవరికీ తెలియదు. సిస్టర్ నావైపు ఒక్కసారి చూసి, ఇల్లు ఎటో అడిగి ముందుకు నడిచింది.

సందు లోపల, నాలుగు బర్రెలు కట్టేసిన కొట్టం పక్కన ఇల్లు. మల్లమ్మ నులకమంచం మీద పడుకుని ఉంది. కుడి చీలమండ ఉబ్బి కుండలా అయింది. ఏడో నెల కడుపుతో కోడలు ఇటుక కాచి కాపడం పెడుతోంది. సిస్టర్ నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, ఒంటి చేత్తోనే కాలు మెల్లగా తిప్పి చూసింది.

"ఎముక విరగలేదు. మూడు వారాలు నడవకూడదు," అంది.

మల్లమ్మ ఆమెను చూడలేదు. నన్నే చూస్తోంది. సిస్టర్ కాలికి కట్టు కట్టడం మొదలుపెట్టింది. నేను చెప్పాల్సిన మాట తను చెప్పలేదు. కట్టు ఒక చుట్టు, ఇంకో చుట్టు, చాలా నెమ్మదిగా. అంత నెమ్మదిగా ఆమె ఏ పనీ చేయడం నేను అంతకుముందు చూడలేదు. కొట్టంలో బర్రె నెమరేసే చప్పుడు వినిపిస్తోంది.

"నేనే గుద్దిన అవ్వా," అన్నాను.

"నాకెరికే," అంది మల్లమ్మ. "పొద్దుందాక సూసిన, వస్తవని. కాలు నొచ్చుడు కాదే. నువ్వు ఎనక్కి తిరిగి సూసినవ్. సూసి పోయినవ్. గది నొచ్చింది."

సిస్టర్ సంచిలో చెయ్యి పెట్టబోయింది. మల్లమ్మకు కోపం వచ్చింది.

"పైసలెందుకమ్మా? పైసలు నడుస్తయా? నా కొడుకు తెల్లారకముందే జల్‌పల్లి చెరువు దిక్కు గడ్డికి పోతడు. కోడలు గిట్ల ఉండె. రెండు దినాలు పెరుగు పోకుంటే నా ఇండ్లన్ని ఇంకొకలు పట్టుకుంటరు. ముప్పై ఏండ్ల సంది పోస్తున్న ఇండ్లు! ఎవలు తిప్పుతరు?"

"ఈమె తిప్పుతుంది," అంది సిస్టర్, నన్ను చూపించి. "నేను కూడా."

అలా మర్నాటి నుంచి నేను పెరుగు అమ్మాను. దవాఖానా తెరవకముందే సైకిలు వెనక సీటు మీద బుట్ట కట్టి, పాత చీర చుట్టి, అందులో కుండ పెట్టి బయలుదేరేవాళ్ళం. కుండ ఉన్నంతసేపు తొక్కే ధైర్యం లేదు, నడిపించుకుంటూ పోయేదాన్ని. కుండ ఒరిగిపోకుండా రెండో పక్క సిస్టర్ చెయ్యి వేసి నడిచేది. నాకు సిగ్గు. "పెరుగూ" అని గొంతెత్తడానికి నోరు రాలేదు. ఆమెకే వచ్చింది. కట్టు కట్టిన చేతిని నోటి పక్కన పెట్టుకుని, ఆ హాలండు గొంతుతో "పేరుగూ! పేరుగూ!" అని కేక పెట్టేది. మొదటి రోజు గల్లీ గల్లీ బయటికి వచ్చి చూసింది. పర్దా వెనకనుంచి ఒక పెద్దావిడ గిన్నె చాపుతూ, "మల్లమ్మ కిదర్ గయీ?" అని అడిగింది. సిస్టర్ నావైపు చూసింది. నేను చెప్పాలి. ప్రతి గుమ్మంలోనూ చెప్పాను, నేనే పడేశానని. కొందరు తిట్టారు. కొందరు నవ్వారు. ఒకామె తలుపు వేసుకుని, మరునాడు గిన్నె తెచ్చింది.

మావారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున లేచి చూస్తే, పాత సైకిలు ట్యూబు కోసి పట్టీలు చేసి, బుట్టను సీటుకు గట్టిగా బిగిస్తున్నారు. "కుండ ఊగుతున్నదని విన్న," అన్నారు, తల ఎత్తకుండా.

రెండో వారంలో ఒక పొద్దున కుండ నింపుకోవడానికి వెళ్ళాం. మల్లమ్మ మంచం మీద కూర్చుని గరిటెతో పెరుగు కుండలోకి వేస్తోంది. అప్పటికి నామీద కోపం పోయింది, తిట్టడం మాత్రం అలవాటుగా మిగిలింది. సిస్టర్ ఎప్పటిలాగే గుమ్మానికీ కొట్టానికీ మధ్య తిరుగుతోంది. మల్లమ్మ గరిటె ఆపింది.

"ఓ సైకిలమ్మా. గుద్దింది గీ పోరి. తిరగాల్సింది గిది. ఇరిగిన చెయ్యేసుకొని నువ్వెందుకు తిరుగుతున్నవ్?"

సిస్టర్ ఆగింది. చెబుతుందని నేననుకోలేదు. మాటలు వెతుక్కుంటూ చెప్పింది.

"మా ఊరిలో. చలికాలం. కాలువ పక్కన రోడ్డు. నేను సైకిలు మీద ఉన్నాను. ఒక మనిషికి నా హ్యాండిల్ తగిలింది. వెనక పడిన చప్పుడు విన్నాను. నేను ఆగలేదు."

"కాన్పుకు పోతుంటివా?" అని అడిగాను. కాన్పుకే అయి ఉండాలని నాకు ఎందుకో చాలా ఆశగా ఉంది.

"లేదు సుగుణా. నీకు కాన్పు ఉంది. నాకు అది కూడా లేదు. ఇంటికి వెళ్తున్నాను. చలేసింది, అంతే."

"ఎవలా మనిషి?" అంది మల్లమ్మ.

"తెలియదు."

"ఆడమనిషా, మొగోడా?"

"తెలియదు. ఆగలేదు కదా. అందుకే తెలియదు." కట్టు అంచున ఊడిన దారాన్ని లాగుతూ నిలబడింది. "మరునాడు వెళ్ళాను. ఇల్లిల్లూ అడిగాను. ఎవరూ 'నేనే' అనలేదు. ఇప్పటికి పదకొండేళ్ళు."

మల్లమ్మ ఏదైనా మంచిమాట చెబుతుందని ఎదురుచూశాను. ఆమె చివరి గరిటె పెరుగు కుండలో వేసి, మీద తడిబట్ట కప్పి, అంచులు చుట్టూ జాగ్రత్తగా నొక్కింది.

"పోండ్రి ఇగ," అంది. "ఇంక ఇరవై ఇండ్లున్నయి. పెరుగు పులుస్తది."

కుండ సైకిలుకు కట్టుకుని బయటికి వచ్చాం. సందు చివర వీధిలో అడుగు పెట్టగానే సిస్టర్ నోటి పక్కన చెయ్యి పెట్టుకుంది. కేక రాలేదు. రెండు అడుగులు నడిచి, ఆగి, మళ్ళీ ప్రయత్నించింది, రాలేదు. అప్పుడు నేను, పెరుగు తిప్పిన ఆ పన్నెండు రోజుల్లో ఒక్కసారి కూడా కేక పెట్టనిదాన్ని, "పెరుగూ!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఎదురింటి మేడ మీద ఒక కిటికీ తెరుచుకుంది. గిన్నె పట్టుకుని ఎవరో మెట్లు దిగుతున్న చప్పుడు వినిపించింది.